పొడి పాదాలు

ఆ ఏడు తింజాన్ పండక్కి మా వాడలో ఎవరి ఒంటిమీదా నీటిచుక్క పడలేదు. ఏటా ఏప్రిల్ ఎండల్లో బర్మాలోని మా యాంగోన్ ఊరు ఊరంతా వీధిలోకొచ్చి ఒకరిమీద ఒకరు నీళ్ళు పోసుకునే పండగ అది. సైన్యం కాల్చి చంపిన పిల్లల నెత్తురు రోడ్లమీద ఆరకముందే నీళ్ళాటలేమిటని జనం మానుకున్నారు. ఎన్నికల్లో గెలిచినవాళ్ళని లోపలేసి కుర్చీ ఎక్కిన సైన్యం మాత్రం, పండగ చేసుకోండి, దేశం చల్లగా ఉంది అని మైకుల్లో చెప్పిస్తూ తిరిగింది. మైకుబండి వెళ్ళిపోయాక వీధి ఇంకా ఎండినట్టు కనిపించేది.

ఆ ఎండలోనే మా బావ శంకరరావు నా బొగ్గుల కొట్టుకి వచ్చి, ఈ ఏడు నూకాలమ్మ గుండం ఆపడానికి వీల్లేదు, చింతకర్ర తెప్పించమన్నాడు.

నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి. డెల్టా నుంచి ట్వంటే కాలవ మీదుగా పడవలో వచ్చే బొగ్గు బస్తాలు దింపించుకుని అమ్ముకుంటాను. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్ళో బొగ్గుకి గిరాకీ ఉంటుంది. దాంతో పాటు గుండం పేర్చే పని మా నాన్న నుంచి నాకొచ్చింది. చింతకర్ర పేర్చి, అంటించి, నిప్పులు పండాక చదును చేసి, భక్తులు నడవడానికి బాట పరచాలి. గంజాం నుంచి ఓడెక్కిన మా తాతలు ఈ దేశానికి తెచ్చుకున్న కొద్ది సొత్తులో ఆ గుండం ఒకటి. దాని కట్టుబాటు ఇంకొకటి.

ఆ కట్టుబాటు ఇది. గుండం తొక్కేవాడు ఆ పొద్దున కంకణం కట్టుకునే ముందు వాడలో గుమ్మం గుమ్మానికీ చెప్పుల్లేకుండా వెళ్ళి నిలబడాలి. నా వల్ల మీకేమైనా కష్టం కలిగిందా అని అడగాలి. ఏమీ లేకపోతే ఆ ఇంటి ఆడమనిషి, ఏమీ లేదు నడువు అని, అతని పాదాలమీద పసుపునీళ్ళు పోస్తుంది. ఉంటే పొయ్యదు. అది తేల్చుకునేదాకా అతను నిప్పుమీద కాలు పెట్టకూడదు. మొదటి చెంబు తోడబుట్టిన ఆడపడుచుది. ముత్తయిదువా విధవా అన్న తేడా ఈ ఒక్క పనిలోనే మావాళ్ళు చూడరు. ఎంత మొనగాడైనా అమ్మవారి దగ్గరికి ఇరుగుపొరుగు గుమ్మాల మీదుగానే వెళ్ళాలని మా నాన్న అనేవాడు. పొడి పాదాలతో గుండం తొక్కినవాడి పేరు నేను పుట్టాక వినలేదు.

శంకరరావు నా భార్య సూర్యావతికి తోడబుట్టిన అన్న. మొదటి చెంబు మా ఇంటిది.

మామూలు ఏడైతే ఇందులో భయపడేదేమీ లేదు. శంకరరావు గుడిపెద్ద. భార్య పోయాక గుడే ఇల్లు చేసుకున్నాడు. తెల్లారకుండా చన్నీళ్ళ స్నానం, అభిషేకం, హారతి. అమ్మవారికి చీర కట్టడంలో అతనంత ఓపిక ఆడవాళ్ళకి కూడా లేదు. కానీ సైన్యం వచ్చాక మా వార్డు పెద్ద పారిపోయాడు. ఆ కుర్చీలో మా బావని కూర్చోబెట్టారు. గుడి తాళాలూ వార్డు ముద్రా ఒకే మొలతాడుకి వేలాడడం మొదలయ్యింది.

పండక్కి ముందు మార్చి నెల మధ్యలో మా అమ్మాయి మణిమాల నదికి అవతల ఉన్న లైంగ్‌థార్యార్ నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. అక్కడ బట్టల ఫ్యాక్టరీలో జాకెట్ల చేతులు కుట్టేది. సమ్మెలోకి దిగారనీ, రోడ్డుకి అడ్డంగా ఇసుకబస్తాలు వేశారనీ మాకు తెలుసు. ఫోన్లలో ఇంటర్నెట్టు కోసేశారు కాబట్టి ఆ తర్వాత ఏం జరిగిందో తెలియదు. వంతెన అవతల పొగ మాత్రం కనిపించింది. వెంట సుశాంత్ ఉన్నాడు. అదే ఫ్యాక్టరీలో బట్ట కత్తిరించే పని అతనిది. మా సందులోనే బజ్జీలు వేసుకునే తాయారమ్మకి ఒక్కడే కొడుకు.

మణి బొగ్గు బస్తాల వెనక నేలమీద కూర్చుంది. తల్లి అందించిన గ్లాసు పక్కన పెట్టేసింది. ఒకే ముక్క చెప్పింది.

"రేకు డాలు పట్టుకున్నాం నాన్నా. రేకులోంచి కూడా తూటా వచ్చీసింది."

సుశాంత్‌ని కూడా మా కొట్టులోనే ఉండిపొమ్మన్నాను. అమ్మ ఒక్కర్తీ ఉంది మావయ్యా అని వెళ్ళిపోయాడు.

తర్వాత కొద్దిరోజులకి పట్టపగలు సైనికుల బండి వచ్చింది. మా సందులో ఇళ్ళ నంబర్లు వరసలో ఉండవు. ఏళ్ళ తరబడి వచ్చే పోస్టుమేను కూడా అడక్కుండా ఇల్లు పట్టలేడు. ఆ బండి ఎవరినీ దారి అడగలేదు. నేను కొట్టు తలుపు సందులోంచి చూస్తున్నాను. వెనక వచ్చిన కారు అద్దం కొంచెం కిందికి దిగింది. ఒక చెయ్యి బయటికొచ్చి, వేలు చూపించి, లోపలికి పోయింది. మణికట్టుకి పసుపుతోరం, దాని పక్కన రాగికడియం. రోజూ నాకు హారతి అందించే చెయ్యే అది. గుర్తుపట్టడానికి ఎంతసేపు కావాలి.

సుశాంత్‌ని జుట్టు పట్టుకుని ఈడ్చుకెళ్ళారు. తాయారమ్మ బండి వెనకాల పెద్దరోడ్డుదాకా పరిగెత్తింది. పొయ్యిమీద నూనె మాడిపోతున్న కంపు సందంతా కమ్ముకుంది. ఎవరమూ వెళ్ళి ఆ మూకుడు దింపలేదు. చివరికి సూర్యావతి వెళ్ళి దింపింది.

మర్నాడు శంకరరావు వాడ శాంతి కోసమని అమ్మవారికి పాలాభిషేకం చేయించాడు. ప్రసాదం ఇంటింటికీ పంపాడు. సూర్యావతి మా వాటా తీసి గోడమీద పెట్టింది. కాకులు తిన్నాయి. వాటికేం తెలుసు.

ఆ రోజు నుంచి తాయారమ్మ ఇంటివైపు ఎవరి నీడా పడలేదు. బజ్జీలు కొనేవాడు లేడు. పలకరిస్తే తమ పేరు కూడా ఎక్కడికి పోతుందోనని అందరూ తలలు దించుకుని నడిచేవాళ్ళు. రాత్రి ఎనిమిది గంటలకి ఊరంతా గిన్నెలు మోగించి సైన్యానికి శాపం పెట్టే అలవాటు మా సందులో ఆ రోజే ఆగిపోయింది. సూర్యావతి మధ్యాహ్నం వేళ ఒక తట్ట బొగ్గు తీసుకెళ్ళి ఆ గుమ్మంలో పెట్టి వచ్చేది. వద్దే అన్నాను. బొగ్గుల కొట్టుదాని చేతిలో బొగ్గు ఉంటే ఎవడేటంటాడు అంది.

చింతకర్ర సంగతి చెప్పడానికి వచ్చిన రోజున శంకరరావు కొట్టులో బల్లమీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. మణి బస్తాల వెనకే ఉంది. గోడకి ఆనించి పేర్చిన వరసకీ గోడకీ మధ్య ఒక మనిషి పట్టే సందు వదిలి, ముందు మళ్ళీ వరస కట్టాను. ఊపిరి తీస్తే బొగ్గుపొడి గొంతులో పడుతుంది. దగ్గు వస్తే ఎలా అన్నదే నా భయం. పగలంతా ఆ దగ్గు కోసమే చెవులు రిక్కించుకుని బతికేవాణ్ణి.

మణి ఏదని అడిగాడు. మాండలేలో మా చెల్లెలి దగ్గరుందని చెప్పాను. మంచి పని చేశారన్నాడు. లేచి దండెం దగ్గరికి నడిచాడు. అక్కడ మణి ఫ్యాక్టరీ చొక్కా ఆరేసి ఉంది. అతను ఆ చొక్కా అంచు వేళ్ళతో పట్టుకుని చూశాడు.

"ఇది ఆరిపోనాది బావా. తీసి లోపలెట్టండి. ఎవులైనా సూత్తే పిల్ల ఇంట్లోనే ఉందనుకుంటారు."

తర్వాత నిమ్మళంగా చెప్పాడు. గుండం చూడ్డానికి సైన్యం ఆఫీసరు వస్తున్నాడు. టీవీవాళ్ళు వస్తారు. హిందువులు కూడా హాయిగా పండగ చేసుకుంటున్నారని దేశమంతా చూస్తుంది. అంతా సజావుగా జరిగిపోతే ఈ సందులోకి మరి బండి రాకుండా తను చూసుకుంటాడు.

"సూరితో సెప్పు," అన్నాడు వెళ్తూ. "మొదటి సెంబు మీదే కదా."

గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి అమ్మవారి వైపు, అంటే గుడి ఉన్న దిక్కుకి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టుకున్నాడు. అది నటన అయితే నాకింత భయం వేసేది కాదు. అతను నిజంగానే మొక్కుతున్నాడు. గుండం దాటితే అన్నీ దాటినట్టేనని నిజంగానే నమ్ముతున్నాడు.

సూర్యావతి తలుపు వెనకనుంచి అంతా విన్నది. ఆ సాయంత్రం బియ్యం చెరుగుతూ నాకు చెయ్యాల్సింది చెప్పింది. బొగ్గు పడవ నడిపే ఊ తౌంగ్‌తో అప్పటికే మాట్లాడేసింది. గుండం రోజున అతను ఖాళీ పడవతో ట్వంటే వెళ్ళిపోతాడు. వాడ జనమూ, సైనికులూ అందరూ నిప్పుల దగ్గరే ఉంటారు. రేవుమీద కన్నుండదు. మొహానికి బొగ్గు పూసుకున్న కూలీ ఆడది తట్ట నెత్తిన పెట్టుకుని పడవ ఎక్కితే ఎవడు చూస్తాడు.

"నీళ్ళు నదికేసి మళ్ళి పాటు తిరిగితేగాని పడవ కదల్దు మావా. పాటు తిరిగేవరకూ నీ నిప్పు పండకూడదు."

మరి నీళ్ళ సంగతేమిటన్నాను. పోసేస్తావు కదా, ఒక్క చెంబు, నీళ్ళే కదా అన్నాను. ఆవిడ ఇత్తడి చెంబు తీసుకుని చింతపండుతో తోముతూ కూర్చుంది. అది వాళ్ళమ్మది. అంత శ్రద్ధగా తోముతోందంటే పోస్తుందనే అనుకుని నిద్రపోయాను.

గుండం రోజు పొద్దున శంకరరావు తలారా స్నానం చేసి, కొత్త పంచె కట్టి, ఒంటికి పసుపు పూసుకుని మా గుమ్మం ముందుకొచ్చాడు. వెనక పూజారి, డప్పువాళ్ళు, సందులో జనం. కరోనా మాస్కులమీద కళ్ళు తప్ప ఏమీ కనపడని జనం. కొంచెం దూరంలో ఇద్దరు సైనికులు తుపాకులు భుజాన వేసుకుని మామిడికాయ ముక్కలు తింటున్నారు. మా వెనక, బస్తాల సందులో, నా కూతురు.

డప్పు ఆగింది. శంకరరావు చేతులు జోడించాడు.

"సూరమ్మా, నా వల్ల మీ ఇంటికి ఏటైనా ఉందేటి?"

సూర్యావతి పసుపునీళ్ళ చెంబు రెండు చేతులతో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నీళ్ళు నిండా ఉన్నాయి. వాటిలో మామిడాకు కూడా వేసింది. నేను ఆవిడ మోచేతి వైపే చూస్తున్నాను. అది వంగితే చాలు. నా బిడ్డ బతుకుతుంది. మనసులో నూకాలమ్మని మొక్కాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. ఎవరికోసం ఎవర్ని మొక్కుతున్నాను.

ఆవిడ వంగింది. చెంబుని గడప మీద పెట్టి మళ్ళీ నిటారుగా నిలబడింది.

"మా ఇంటికి ఏటీ నేదన్నియ్యా," అంది. "తాయారమ్మ కాడ పోయించుకుని రా. ఆవిడ పోత్తే నానూ పోత్తాను."

సైనికులకి తెలుగు రాదు కాబట్టి ముక్కలు తింటూనే ఉన్నారు. శంకరరావు మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. దెబ్బలు తిన్న పిల్లాడిలా అయిపోయాడు. ఒక అడుగు ముందుకేసి గొంతు తగ్గించాడు.

"వాడని కాపాడ్డానికే సేసినానే. ఒక్కణ్ణి సూపించకపోతే ఇరవైమందిని అట్టుకుపోదురు. మీ పిల్ల ఇయాల ఉన్నాదంటే..."

"ఆ మాటేదో ఆ ఒక్కడి అమ్మకి సెప్పు," అంది సూర్యావతి. "ఆవిడ గుమ్మం దగ్గిరే కదా. నాలుగడుగులు."

ఇప్పుడే వేలు చూపిస్తాడు, ఇప్పుడే అన్నట్టు అతని కుడిచేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి లేచింది. నుదుటిమీద చెమట తుడుచుకుని కిందికి దిగింది. ఆఫీసరు వచ్చి, తను గుండం నడిచి, అది టీవీలో పడేదాకా ఈ సందులో గొడవ జరగడం అతనికే మంచిది కాదు. అది నాకు తర్వాత తట్టింది. అప్పుడు మాత్రం నా పెళ్ళాం నా బిడ్డని చంపేసిందనే అనుకున్నాను. ఆవిణ్ణి అక్కడే కొట్టాలనిపించింది.

శంకరరావు తాయారమ్మ గుమ్మం ముందుకి వెళ్ళాడు. వెళ్ళకుండా దాటిపోతే ఇంకా చెడ్డగా ఉంటుందని కాబోలు. జనం అతని వెనక నడవలేదు, అలాగని ఇళ్ళల్లోకీ వెళ్ళలేదు. తాయారమ్మ చెంబుతో బయటికొచ్చింది. మనిషి సగమయ్యింది. అతను అడగాల్సిన మాట అడిగాడు. సగమే వినిపించింది.

"మా సుశాంత్‌ని ఎక్కడెట్టారు బాబూ?" అని అడిగింది ఆవిడ.

ఎంత మెత్తగా అడిగిందంటే, గొడుగు ఎక్కడ పెట్టారని అడిగినట్టు. శంకరరావు తనకి తెలియదన్నట్టు తల ఊపాడు. నిజంగానే తెలియదేమో. వాళ్ళు అతనికి మాత్రం ఎందుకు చెబుతారు. తాయారమ్మ అతను గుమ్మం ముందునుంచి తప్పుకునేదాకా ఆగి, చెంబులో నీళ్ళు పోసి అతను నిలబడ్డ చోటు కడుక్కుంది. చీపురుతో ఆ నీళ్ళు కాలవలోకి తోసేసి లోపలికి పోయింది.

మిగతా గుమ్మాలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. అది ధైర్యం అనుకోకండి. పోస్తే ఒక భయం, పొయ్యకపోతే ఒక భయం. మా వాళ్ళకి తెలిసిన దారి తలుపెయ్యడమే.

పూజారి కంకణం కట్టేశాడు. పాదాలు తడవలేదని అతనూ చూశాడు. ఎదురు చెప్పలేదు. అతనికీ పిల్లలున్నారు.

గుడి వెనక కాలవ ఒడ్డున ఖాళీ జాగాలో గుండం. పోటు మీదున్న నీళ్ళలో గుర్రపుడెక్క గుత్తులు నదివైపు నుంచి పైకి ఎదురెక్కుతున్నాయి. అవి ఆగి వెనక్కి తిరిగితే పాటు మొదలైనట్టు. నేను కర్ర అంటించి వాటినే చూస్తూ కూర్చున్నాను. ఆ సమయానికి సూర్యావతి మణిని బయటికి తీసి ఉండాలి. లేకపోతే ఆవిడ అన్న ముందే మనుషుల్ని పంపి ఉండాలి. రెండిట్లో ఏది జరిగిందో తెలుసుకునే దారి నాకు లేదు. సందువైపు నుంచి ఏ చప్పుడు వినిపించినా అటు తల తిప్పేవాణ్ణి. డప్పు మోగుతుంటే ఆ చప్పుడు కూడా వినపడదు. డప్పు ఆపమని చెప్పే ధైర్యం లేదు.

ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. కుర్రవాడే. మా తెలుగు ఆడవాళ్ళు అతని మెడలో బంతిపూల దండ వేశారు. కెమెరావాడు నిప్పుల చుట్టూ తిరుగుతున్నాడు. కర్ర మండి కూలిపోయింది. నిప్పులు ఎర్రబడ్డాయి. శంకరరావు నా దగ్గరికొచ్చి ఇంకా ఎంతసేపని అడిగాడు. పండలేదన్నాను. గుర్రపుడెక్క ఇంకా పైకే పోతోంది. ఇంకో మోపు తెచ్చి వేశాను. కర్ర జారి నిప్పులు చిమ్మాయి. మళ్ళీ అడిగాడు. తొందరపడితే కాళ్ళు కాలతాయి బావా, పొగ కర్ర ఉండిపోయిందన్నాను. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. ఏదో అన్నాడు. పక్కనున్న సైనికుడు నా వైపు నడవడం మొదలుపెట్టాడు. నేను పార పట్టుకుని నిప్పులు కెలుకుతున్నట్టు వంగాను. నా చెమట నిప్పుల్లో పడి చుయ్యిమంటోంది. ఆ సైనికుడి బూట్లు నా పక్కకి వచ్చి ఆగాయి. తలెత్తలేదు. కంటి చివరతో కాలవలోకి చూశాను.

ఒక గుత్తి గట్టు రాయికి ఆనుకుని ఆగింది. అక్కడే చుట్టూ తిరిగింది. తర్వాత మెల్లిగా, నదివైపు.

"పండింది," అన్నాను.

నిప్పులు చదును చేశాను. బూడిద విసిరాను. నా జన్మలో అంత చక్కగా గుండం పరిచి ఉండను. భయపడ్డ చేతులు పని బాగా చేస్తాయి.

శంకరరావు అమ్మవారి పేరు పిలిచి పొడి పాదాలతో దిగాడు. నేను ఆ పాదాలే చూశాను. అవి కాలాలని నేను మొక్కలేదు. కాలతాయని మాత్రం ఆశపడ్డాను. కాల్లేదు. ఎప్పటిలాగే పొడవునా నడిచి అటువైపు గట్టెక్కాడు. నిప్పు అతన్ని ఏమీ అడగలేదు. అమ్మవారు కూడా ఏమీ అడగలేదు. అడగాల్సినవాళ్ళు పొద్దుటే అడిగేశారు.

గట్టెక్కి, ఏటా చేసినట్టే, వెనక వస్తున్నవాళ్ళకి చెయ్యి అందించడానికి తిరిగాడు. వెనక ఎవరూ లేరు. గుండానికి అటువైపు జనం అలాగే నిలబడి ఉన్నారు. కంకణాలు కట్టుకున్నవాళ్ళు కూడా. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా, అందరూ నేలనే చూస్తున్నారు. కెమెరావాడు ఇంకా ఎవరైనా వస్తారేమోనని కాసేపు పట్టుకుని, దింపేశాడు. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. ఆ ఒక్కడి చప్పట్లే.

నడిచొచ్చినవాడి అరికాళ్ళకి వెన్న రాసేది కూడా ఆడపడుచే. శంకరరావు పీటమీద కూర్చుని కాళ్ళు చాపాడు. అలవాటు. కాసేపు చాపి ఉంచి, చుట్టూ చూసి, మెల్లిగా మడుచుకున్నాడు.

నేను ఇంటికొచ్చేసరికి బస్తాల సందు ఖాళీగా ఉంది. సూర్యావతి పొయ్యి దగ్గర కూర్చుని అన్నం వారుస్తోంది. గోళ్ళ సందుల్లో బొగ్గు. పడవ మలుపు తిరిగేదాకా ఉన్నానంది. నువ్వు కూడా ఎక్కెయ్యాల్సింది, ఇప్పుడైనా పద అన్నాను. ఆవిడ నాకు కంచం పెట్టింది.

"నానూ ఎల్లిపోతే నిన్నట్టుకెళ్తారు. నువ్వు తన్నులు తినలేవు మావా. బస్తా కాలిమీద పడితేనే వాడంతా వినపడేలా ఏడిసినావు."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేదు. అప్పుడడిగాను. పొయ్యకూడదని ముందే అనుకున్నావా అని. లేదంది. చెంబు ఎత్తేదాకా పోసేద్దామనే ఉందట. అన్న పాదాల పక్కన తాయారమ్మ గుమ్మం కనబడిందట. అంతే చెప్పింది.

దీపాలు పెట్టాక సైనికులు వచ్చారు. ఈసారి కూడా ఎవరినీ దారి అడగలేదు. బస్తాలన్నీ కత్తులతో చీల్చారు. కొట్టంతా నల్లటి దుమ్ము లేచి అందరమూ దగ్గాము. ఇన్నాళ్ళ నా భయం ఆ దగ్గు. అది వినాల్సినవాళ్ళు విన్నప్పుడు అక్కడ దగ్గడానికి మణి లేదు. కూతురేదని అడిగారు. సూర్యావతి మాండలే అంది. అయితే కూతురు వచ్చేదాకా బదులుగా నువ్వుండు, రా అన్నారు. ఆవిడ చెప్పులు వేసుకుంది. వెళ్తూ వెళ్తూ గడపమీద చెంబులో అలాగే ఉన్న పసుపునీళ్ళు మొక్కలో పోసి, చెంబు కిటికీలో బోర్లించింది.

బండి కదులుతుంటే తాయారమ్మ ఇంట్లోంచి గిన్నె మోత వినిపించింది. ఒక్క గిన్నె. సందు మొత్తంలో ఇంకెవరూ అందుకోలేదు. నా చేతిలో కంచం ఉంది. నేనూ అందుకోలేదు. బండి ఆగి, లైటు ఆ ఇంటిమీద పడింది. మోత ఆగలేదు. వాళ్ళకే విసుగొచ్చి వెళ్ళిపోయారు.

వానలు మొదలయ్యే ముందు ఊ తౌంగ్ పడవ మళ్ళీ వచ్చింది. మామూలుగా బస్తా మూతులు కొబ్బరితాడుతో బిగించి కడతారు. ఆ లోడులో ఒక బస్తా మూతి కుట్టి ఉంది. రెండు వరసల కుట్టు, జాకెట్టు చేతికి వేసేలాంటిది, దారం ఎక్కడా వదులు లేకుండా. ఊ తౌంగ్ నా మొహం చూడకుండా ఆ బస్తా నా భుజానికెత్తాడు. నేను దాన్ని ఇప్పటికీ విప్పలేదు, అమ్మలేదు.

ఖైదీలని చూడ్డానికి మళ్ళీ వదిలిన రోజుల్లో జైలుకి వెళ్ళాను. అంతకుముందు చాలా కాలం మనుషుల్ని రానివ్వలేదు. ఇనపజాలీకి అవతల సూర్యావతి. జుట్టు కత్తిరించేశారు. తెలుగు మాట్లాడకూడదు, మాకు తెలిసే భాషలోనే మాట్లాడండి అన్నాడు వార్డరు. బర్మా మాటల్లో కొట్టు ఎలా ఉందని అడిగింది. బాగానే ఉంది, ఈమధ్య బస్తా మూతులు చక్కగా కుట్టి పంపుతున్నారన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. ఎలాంటి కుట్టు అంది. రెండు వరసలు అన్నాను. తల ఊపింది.

మీ అన్న నిన్ను విడిపించడానికి తిరుగుతున్నాడని చెప్పాను. అది నిజమే. మరి గుండం మాట ఎత్తలేదతను. కర్ర తెప్పించమని నన్ను అడగలేదు. అభిషేకం మాత్రం మానలేదు. తెల్లారకుండా గుడిగంట నాకు వినిపిస్తూనే ఉంటుంది. ఒకరోజు చెప్పుల్లేకుండా వచ్చి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. కిటికీలో బోర్లించిన చెంబు చూసి వెళ్ళిపోయాడు. సుశాంత్ ఎక్కడున్నాడో ఇవాళ్టికీ ఎవరికీ తెలియదు. ఇదంతా జాలీలోంచి చెప్పడానికి కుదరదు. అన్న బెంగపెట్టుకున్నాడు, ఒక్క మాట చెప్పి పంపు అన్నాను.

టైమయ్యిందని వార్డరు అరిచాడు. ఆవిడ లేచి, జాలీ దగ్గరికి మొహం తెచ్చి, వద్దన్న తెలుగులోనే అడిగింది.

"తాయారమ్మ పోసిందా?"

లేదన్నాను.

"అయితే సెంబు అలాగే ఉంచు," అని లోపలికి నడిచింది.